ఏడు దానిమ్మ పుల్లలు

ఇందుమూలముగా మా వీధి వారికి, వచ్చేపోయే వారికి, ముఖ్యంగా పండ్ల తొక్కలు ఎక్కడంటే అక్కడ పడేసే వారికి తెలియజేయునది ఏమనగా: నేటి నుంచి దానిమ్మ గింజలు కింద పోసుకుంటూ తినవచ్చును. సగం తిని సగం పారేయవచ్చును. నడుస్తూ తినవచ్చును, మాట్లాడుతూ తినవచ్చును. గింజ జారి ఇసుకలో పడితే కాలితో తోసేసి మీ దారిన మీరు పోవచ్చును. "ఒరేయ్, ఆగు, అది ఎత్తుకో" అనే కేక మీ వీపు వెనక ఇకమీదట వినిపించదు. ఆ కేక వేసే మనిషి మొన్న శుక్రవారం, మధ్యాహ్నం నమాజు వేళకు, కన్నుమూశాడు.

వార్త చెప్పింది ఆయన కోడలు. గోడకు అటువైపు నిలబడి, ఏడవకుండా, "మామ లేడన్నా" అంది. అప్పుడు నేను ఒక చికెన్ కొట్టు బోర్డు మీద కోడికి తోక వేస్తున్నాను. ఆ కోడికి ఈరోజు దాకా తోక లేదు.

చెట్టు ముందే చెప్పిందని ఆమె అంటుంది. వాళ్ల ఇంటి దానిమ్మకు ఈ ఏడు కాయలు ముదరకముందే పగిలాయి. ఒకటి రెండు కాదు, చెట్టున ఉన్నవన్నీ. లోపల గింజలు ఎరుపెక్కలేదు, పాలపళ్ల మాదిరి తెల్లగా ఉన్నాయి. చిలకలు వాలలేదు. ఉడతలు కూడా ముట్టలేదు.

"ఎండకు పగిలుంటాయమ్మా" అన్నాను.

"ఎండ ఏటేటా ఉండేదే గదన్నా" అంది.

నేను కుంచె తీసి డబ్బాలో పెట్టేశాను. మామూలుగా మాటకు మాట అతికించడంలో వాకాడు నుంచి కోట దాకా నాకు పేరుంది. అది మంచి పేరని నేను అనడం లేదు.

పోయినాయన మాకు చుట్టం కాదు. మా రెండిళ్ల మధ్య ఒక గోడ, గోడ మీదకు వాలిన ఆ దానిమ్మ చెట్టు. ఆయన మసీదుకు పోతాడు, మేము గుడికి పోతాం. నాకు మాటలు వచ్చినప్పటి నుంచి తాత అనే పిలిచాను. ఊరంతా తాయెత్తు తాత అనేది. పని ఇత్తడి గిన్నెలకు కళాయి వేయడం. ఇత్తడి పోయి స్టీలు వచ్చింది, కళాయి పోయింది. కిరసనాయిలు స్టవ్వులు బాగుచేయడం నేర్చుకున్నాడు. గ్యాసు వచ్చింది, స్టవ్వులు పోయాయి. చివరికి గొడుగుల దగ్గర ఆగాడు. "నేను నేర్చిన పనులన్నీ నాకంటే ముందే చచ్చిపోతుండాయిరా, ఒక్కదానికీ నన్ను మోసే ఓపిక లేదు" అనేవాడు. తాయెత్తులు రాయడం ఆయన దృష్టిలో పని కాదు. దానికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు.

నేను ఎనిమిదో తరగతి దగ్గర ఆగిన మనిషిని. పడవల మీద పేర్లు, కొట్ల మీద బోర్డులు రాస్తాను. నా అక్షరం చూడ్డానికి బాగుంటుంది, చదివితేనే తప్పులు కనిపిస్తాయి. పని లేనప్పుడు ఇతరులను ఏడిపించడం నా రెండో పని. ఒకసారి తాత నమాజుకు పోయి వచ్చేలోపల ఆయన గేటు మీద "కుక్క ఉంది జాగ్రత్త" అని ఎర్రరంగుతో రాశాను. ఆ ఇంట్లో కుక్క లేదు. వారం రోజులు గొడుగు పట్టుకుని ఎవరూ లోపలికి రాలేదు. ఎనిమిదో రోజు చూస్తే గేటుకు తాడేసి ఒక కోడిపుంజు కట్టి ఉంది. అది పోయేవాళ్లనల్లా పొడుస్తోంది.

"ఏంది తాతా ఇది?"

"నువ్వు రాసినావు గదరా. రాసిన మాట అబద్ధం కాకూడదు. కుక్క లేదు, ఉన్నదాన్ని కట్టినా."

నవ్వుకోండి. నేనూ అప్పుడు నవ్వాను. రాసిన మాట అబద్ధం కాకూడదు అన్నదాన్ని మాత్రం చెవిన పెట్టలేదు.

ఆ చెట్టు కాయలు మీరు బండ్ల మీద చూసే రకం కావు. బండి కాయలు పెళ్లికి తయారైనట్టు బుగ్గలకు రంగేసుకుని, మీద స్టిక్కరు పెట్టుకుని కూర్చుంటాయి. తాత చెట్టు కాయ నిమ్మకాయ కంటే కాస్త పెద్దది. తీపి కంటే పులుపు ఎక్కువ, గింజ గట్టి. అయినా వీధి వీధంతా దాని మీదే బతికింది. పిలకాయలకు కడుపు జారితే ఆయన ఇంటి మీద ఎండబెట్టిన తొక్క దంచి మజ్జిగలో కలిపి పట్టేవాళ్లు. నెల తప్పిన ఆడపిల్ల నోరు చేదంటే మొదటి కాయ ఆ ఇంటికి పోయేది. ఇక వినాయక చవితి పొద్దున చూడాలి ఆ గుమ్మాన్ని. పూజకు కావాల్సిన ఇరవై ఒక్క ఆకుల్లో దానిమ్మాకు ఒకటి. అది మా వీధిలో ఆ సాయిబు ఇంట్లో తప్ప లేదు. ఆయన తెల్లవారకముందే లేచి, ఒక కొడవలి, ఒక స్టూలు వేసుకుని కాచుకుని ఉండేవాడు.

"తాతా, నాలుగు రెమ్మలియ్యి."

"నాలుగెందుకు మేయ్, మీ దేవుడొక్కడే గదా?"

"ఆ వంచిన కొమ్మ కోసుకుంటాలే."

"ఆ కొమ్మ ముట్టొద్దు, పురుగు పట్టుండాది. దేవుడికి పురుగాకు పెడతావా? మొగుడికి పెట్టు అది, ఏం కాదు."

తినే విషయంలో మాత్రం ఎగతాళి ఉండేది కాదు. ఒళ్లో తెల్ల తుండు పరుచుకునేవాడు. కాయను కత్తితో పొడిచేవాడు కాదు, తల దగ్గర గీత గీసి రెండు చేతులతో విప్పేవాడు. ప్రతి దానిమ్మలోనూ ఒక్క గింజ స్వర్గం నుంచి వచ్చి ఉంటుందని ఆయనకు వాళ్ల పెద్దలు చెప్పారట. అది ఏదో తెలియదు. అందుకని ఒక్కటి కూడా నేల పాలు కాకూడదు.

తాయెత్తు రాసేది కూడా ఆ చెట్టు పుల్లతోనే. అది ఆయన కనిపెట్టింది కాదు. ఆ రాత రాసేవాళ్లంతా దానిమ్మ పుల్లనే వాడతారని చెప్పేవాడు. ఏటా చలి తగ్గాక ఒక శుక్రవారం పొద్దున ఏడు పుల్లలు కోసి, బెరడు గీకి, నీడలో నలభై రోజులు ఆరబెట్టేవాడు. పచ్చిదాన్ని ముట్టుకునేవాడు కాదు. తర్వాత కొన ఏటవాలుగా కోసి, మధ్యలో చీల్చి, తెల్లగుడ్డలో చుట్టి గోడ గూట్లో పెట్టేవాడు. పింగాణీ పళ్లెంలో కుంకుమపువ్వు నానేసిన నీళ్లే సిరా. "దీని చేవ నీళ్లు తాగదు, గీత పాకదు. వేరే పుల్లయితే తాను తాగి మిగిలింది రాస్తది" అనేవాడు.

వేసవిలో రెండు నెలలు వేట ఆపేస్తారు కదా. మళ్లీ సముద్రంలోకి పోయే ముందు గురువారం, పక్కనున్న జాలర్ల పాళెం నుంచి పడవల వాళ్లు ఆయన వాకిట్లోకి వచ్చేవాళ్లు. పడవకు ఒక తాయెత్తు. మైనపుగుడ్డలో చుట్టి పడవ ముందు ముక్కుకు లోపలివైపు కట్టుకునేవాళ్లు. అదే వారం నేను ఆ పడవలకు బయట పేర్లు రాసేవాణ్ణి. "వాడు బయట రాస్తాడు, నేను లోపల రాస్తా. లోపలిది ఎవురికీ కనపడదు, అందుకే తప్పు రాయకూడదు" అని పదిమందిలో అనేవాడు.

ఎనిమిదేళ్ల కిందట, ఆ పదిమందిలోనే ఇంకో మాట అన్నాడు. ఒక కొత్త పడవకు నేను వారం పాటు కష్టపడి పేరు రాశాను, చుట్టూ తీగలూ పువ్వులూ వేశాను. తాత కళ్లద్దాలు పైకి నెట్టి చూసి, "గీత పాకిందిరా" అన్నాడు. "రంగు బాగా పూస్తావు. రాయడం మాత్రం ఇంకా రాలేదు." అందరూ నవ్వారు. రోజూ ఊరందరినీ ఏడిపించేవాణ్ణి, ఆ ఒక్క నవ్వు ఓర్చుకోలేకపోయాను.

గీత సంగతి తేల్చుకుందాం అనుకున్నాను. సముద్రం ఒడ్డున సరుగుడు తోటలు ఉన్నాయి. సన్నటి పుల్లలు ఏడు విరిచి, గీకి, టీ డికాషన్‌లో నానబెట్టి ఎండబెట్టాను. రంగు పట్టించడమే నా బతుకు. పక్కన పెట్టి చూస్తే దానిమ్మ పుల్లల అన్నదమ్ముల్లా ఉన్నాయి. గురువారం పొద్దున ఆయన నమాజుకు పోయినప్పుడు గూట్లో నావి పెట్టి ఆయనవి తెచ్చుకున్నాను. ఆయన ఒక తాయెత్తు రాశాక, "తాతా, దానిమ్మకూ సరుగుడుకూ నీకే తేడా తెలియలేదు, నా గీతకు వంక పెడతావా" అని అందరి ముందు అడగాలి. అందరూ నవ్వాలి. అంతే అనుకున్నది. చిన్నపిల్లోడి చేష్ట అని సర్దుకోవడానికి కూడా లేదు, అప్పటికే నాకు నలభై దాటాయి.

వాకిట్లో పదకొండు పడవల వాళ్లు కూర్చున్నారు. నేను స్తంభానికి ఆనుకుని, నవ్వు బుగ్గలో దాచుకుని నిలబడ్డాను. తాత పుల్ల ముంచి మొదటి గీత గీసి ఆగాడు. పుల్ల కొన వెలుతురుకు ఎత్తి చూశాడు. వాసన చూశాడు. మొగుడి పడవ కోసం వచ్చి ముందు వరసలో కూర్చున్న ఆడమనిషి చేతులు జోడించుకుని ఆయన చేతినే చూస్తోంది. గాలి లేదు. చెట్టు ఆకు కదలడం లేదు.

"ఈ ఏటి పుల్లకు దప్పిక జాస్తిగా ఉండాదే" అన్నాడు తాత.

నా వైపు చూసి అన్నాడో, పుల్ల వైపు చూసి అన్నాడో ఈరోజుకూ చెప్పలేను. మళ్లీ ముంచాడు. రాశాడు. నేను నోరు తెరవాల్సిన సమయం అదే. నవ్వు బుగ్గలోనే గడ్డకట్టింది. పోనీ అందరూ పోయాక చెబుదాం అనుకున్నాను. అందరూ పోయాక, పొద్దున చెబుదాం అనుకున్నాను. పొద్దున పడవలు పోయాయి. ఆ రాత్రి గాలి సముద్రం వైపు నుంచి తిరిగి, గాలివాన పట్టుకుంది.

పది పడవలు తిరిగొచ్చాయి.

పదకొండోది నాలుగో రోజు దక్షిణాన, పులికాట్ దాటాక, ఖాళీగా కొట్టుకుపోతూ కనిపించింది. వల ఉంది, అన్నం డబ్బా ఉంది, పైన నేను రాసిన పేరు ఉంది. అందులో పోయిన ఇద్దరు లేరు. ఒకాయన వారానికి శవమై ఒడ్డుకు చేరాడు. రెండో ఆయన చేరలేదు. ఆ రెండో ఆయన పెళ్లామే ముందు వరసలో చేతులు జోడించుకుని కూర్చున్న మనిషి.

పడవ ముక్కుకు కట్టిన తాయెత్తు విప్పి తెచ్చి ఎవరో తాత చేతిలో పెట్టారు. ఆయన మైనపుగుడ్డ విప్పాడు. నేను గోడకు ఇటువైపు నుంచి చూస్తున్నాను. కాగితం మీద ఒక్క గీత లేదు. తెల్లగా ఉంది. కుంకుమపువ్వు నీళ్లు తడిస్తే ఏ పుల్లతో రాసినా పోతాయి. ఆ మాత్రం నాకు తెలుసు. తాయెత్తు గాలివానను ఆపుతుందన్న నమ్మకం నాకు అప్పుడూ లేదు, లేదు కాబట్టే ఆ పని చేశాను. అయినా ఆ తెల్ల కాగితం చూసినప్పటి నుంచి, సముద్రం వైపు నుంచి గాలి తిరిగితే నాకు అన్నం దిగదు.

పదో రోజున ఆమె వచ్చింది. తాత వాకిట్లో నిలబడి రెండు దోసిళ్ల మన్ను ఎత్తి గుమ్మం మీద పోసింది. "నీ చెయ్యి పడిపోను. నమ్మి కట్టుకున్నాం గదయ్యా. ఏం రాసినావు దాంట్లో? ఏం రాసి పంపించినావు?" అని అరిచింది. తాత లేచి నిలబడి, తల వంచుకుని, ఆమె అరవడం అయ్యేదాకా అట్లాగే ఉన్నాడు. ఆమె పోయాక ఆ మన్ను చీపురుతో ఊడవనీయలేదు. చేత్తో ఎత్తి చెట్టు మొదట్లో పోశాడు.

పాళెం వాళ్లు ఆయన్ని ఏమీ అనలేదు. అంటే బాగుండేది. మరుసటి ఏడు ఆ గురువారం ఎవరూ రాలేదు, అంతే. చేతి చలవ పోయిందని అనుకున్నారు. తాత మాత్రం ఉతికిన బట్టలు కట్టుకుని, పళ్లెంలో కుంకుమపువ్వు నానేసి, కొత్త పుల్లలు ఏడు పక్కన పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. ఎండ గోడ దిగేదాకా కూర్చున్నాడు. పళ్లెంలో నీళ్లు ఆవిరై అడుగున పసుపు చార మిగిలింది. అది కడిగి, చాప చుట్టుకుని లోపలికి పోయాడు. అట్లా ఒక ఏడు కాదు, ఏటా. నేను గోడకు ఇటువైపు ఏదో బోర్డు ముందు పెట్టుకుని, రంగులో ముంచిన కుంచె ముంచినట్టే పట్టుకుని చూస్తూ ఉండేవాణ్ణి.

ఆ మధ్య ఒక సాయంత్రం నన్ను పిలిచాడు. "రారా, కాయ పగిలింది, తిందాం." ఒళ్లో తుండు, ఎదురుగా నేను. తింటుంటే నా చేతిలోంచి ఒక గింజ జారి మంచం కిందకు పోయింది. తాత వంగి చీపురుపుల్లతో వెతకడం మొదలుపెట్టాడు.

"ఒక్క గింజే గదా తాతా, పోనీ."

"ఆ ఒక్కటి ఏదో నువ్వు చెప్పరా. మిగతావన్నీ పారేద్దాం."

దొరికేదాకా వెతికాడు. కడిగి నోట్లో వేసుకున్నాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. నేను ఇంకో గింజ నోట్లో వేసుకున్నాను.

పోయిన నెల ఆయన మంచం పట్టాడని తెలిసి, బండి మీద రెండు పెద్ద దానిమ్మలు కొనుక్కుని పోయాను. "స్టిక్కరు తీసెయ్‌రా, ఉన్న నాలుగు పళ్లకు అంటుకుంటది" అన్నాడు. కూర్చున్నాను. మొత్తం చెప్పాను. సరుగుడు పుల్లలు, టీ డికాషన్, గూడు, అన్నీ. తాత కళ్లు మూసుకుని విని, "తెలుసులేరా తుంటరోడా" అన్నాడు. "మొదటి గీతకే తెలిసింది."

"మరి ఎందుకు రాసినావు?"

"అంతమంది ఎదురుగా కూర్చోనుండారు. పుల్ల మారిందంటే బెదిరిపోతారని రాసినా. సాయంత్రం చెట్టున కొత్త పుల్ల కోసి, పదకొండూ మళ్లా రాసి, తెల్లారుజామున రేవుకు పోయి మార్చి కట్టొచ్చినా. ఆ పడవలో ఉండింది దానిమ్మ పుల్లతో రాసిందే. సముద్రం చేసిన పనికి నువ్వెందుకురా లెంపలేసుకుంటావు? నీ పుల్లకు అంత బలం యాడిది?"

నా చేయి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలాడు.

శుక్రవారం సాయంత్రమే ఆయన్ని ఖననం చేశారు. నేనూ పోయాను. మూడు గుప్పిళ్ల మన్ను వేశాను. ఆ మన్ను చేతిలో ఉండగా, గుమ్మం మీద పోసిన ఆ దోసిళ్లు గుర్తొచ్చాయి. తల వైపు ఒక పచ్చి దానిమ్మ కొమ్మ నాటారు. నా చొక్కా జేబులో ఏడు పుల్లలు ఉన్నాయి, ఎనిమిదేళ్ల కిందట గూట్లోంచి నేను తెచ్చుకున్నవి. ఆయనతోపాటు మట్టిలో వదిలేద్దామని తీసుకుపోయాను. జేబులో చేయి పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు నా వైపు చూశారు. మళ్లీ ఇంటికే తెచ్చాను.

ఆదివారం నాడు గోడ అవతలి నుంచి కోడలు ఒక రేకు పెట్టె చూపించింది. నిండా దానిమ్మ పుల్లలు. ఏటా కోసినవి, ఏ ఒక్కదాని కొనకూ తడి తగలలేదు.

నిన్న ఆమె వచ్చింది. మన్ను పోసిన మనిషి. జుట్టు నెరిసింది. నా గేటు దగ్గర నిలబడి, లోపలికి రానంది.

"అన్నా, మా మరిది కొత్త పడవ దించుతుండాడు ఎల్లుండి. పేరు రాయాల."

"ఏం పేరమ్మా?"

"పేరు ఏదో ఒకటి వాడు చెప్తాడు. ముక్కు మీద ఒక దానిమ్మ పండు బొమ్మ వెయ్యి, విచ్చుకున్నది. నేను అడిగినానని వాడికి చెప్పబాక."

ఆమె గేటు ఊచ మీద తుప్పు గోటితో గీకింది.

"తాత పోయినాడంట గదా. నువ్వు పక్కింట్లోనే ఉండేవాడివి. ఒక్క మాట అడుగుతా, ఎగతాళి చెయ్యబాకన్నా. ఆ ఏడు ఆయన రాత ఎందుకు తప్పిందో నీకేమన్నా చెప్పినాడా? ఆయన తప్పు లేకుండా నేను మన్ను పోసుంటే, అది నా పిల్లలకు కొడతది. ఎనిమిదేళ్లుగా నాకు అదే భయం."

"రేపు సాయంత్రం రామ్మా, చెప్తాను" అన్నాను. ఆమె పోయింది. నేను ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. చదువు రాని ఆమెకు చదివి వినిపించాలని, ఆయనను ఎరగని మీకు ఆయన ఎట్లాంటివాడో చెప్పాలని, రెండూ కలిపి మొదలుపెట్టాను. మీరు అచ్చులో చదివేసరికి పడవలు పోయి ఉంటాయి. తిరిగొచ్చాయో లేదో కూడా మీకు తెలిసి ఉంటుంది. నాకు ఇప్పుడు తెలిసింది ఒకటే, పొద్దుటి నుంచి గాలి సముద్రం వైపు నుంచి తిరిగింది.

రాసిందంతా ఇందాక ఒకసారి చదువుకున్నాను. తాత మంచం దగ్గర కూర్చున్న భాగం దగ్గర ఆగిపోయాను. అది ఆమెకు చదివితే ఏమవుతుంది? పడవలో ఉన్నది సరైన పుల్లతో రాసిందే అని వింటుంది. అయితే ఆయన రాతే తప్పిందన్నమాట, నేను మన్ను పోయడం న్యాయమే అనుకుంటుంది. నేను నిమ్మళంగా ఒడ్డున పడతాను, తాత మళ్లీ తల వంచుకుని ఆ గుమ్మంలో నిలబడతాడు. ఆమెకు ఊరట కలిగించాలని రాశాననుకున్నాను. చదువుకుంటే, అది నా కోసం రాసుకున్నదని తెలిసింది.

అది జరగలేదు. శ్రద్ధగా చదివినవాళ్లకు అక్కడే అనుమానం వచ్చి ఉండాలి. నలభై రోజులు ఆరనిదే పుల్ల ముట్టని మనిషి, సాయంత్రం కోసిన పచ్చి పుల్లతో పదకొండు తాయెత్తులు ఎట్లా రాస్తాడు? ఆయన ఏమీ తిరగరాయలేదు. ఆయనకు తెలుసని నాతో అనలేదు. నేను ఆ మంచం దాకా పోనే లేదు. రెండు కాయలు కొన్నమాట, గేటు దాకా పోయినమాట నిజం. లోపల దగ్గు వినిపించింది. గేటు చప్పుడైందేమో, "ఎవురూ?" అన్నాడు. నేను పలకలేదు. కాసేపాగి మళ్లీ "ఎవురూ?" అన్నాడు. వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఆ రెండు కాయలు మా కిటికీలో పెట్టాను, స్టిక్కర్లతో సహా. ఒకటి ఆయన పోయిన రోజు పగిలింది, రెండోది ఈ పొద్దున. చీమలు పట్టి ఒక్కో గింజా మోసుకుపోతున్నాయి. అందులో ఏది ఆ గింజో నాకు తెలియదు, అందుకని ఒక్కదాన్నీ తీయలేకపోతున్నాను. ఏడు పుల్లలూ జేబులోంచి తీసి బల్ల మీద వరసగా పెట్టాను. బయట గేటు కదిలింది. "అన్నా, ఉండావా?" అంటోంది.